బీన్స్ బల్ల

గానెట్ పాయింట్‌లో గాలి సంగతి ముందే చెప్పేస్తే మంచిది. అక్కడ ఎవరూ జుట్టు దువ్వుకోరు. తలుపు తీసి ఒక్క నిమిషం నిలబడితే గాలే పాపిడి తీసి, చెవుల వెనక సర్ది, తీరిక ఉంటే జడ కూడా వేసి పంపుతుంది. అంటార్కిటికాలో బయల్దేరిన ఆ గాలికి దారిలో ఎక్కడా ఆగడానికి చోటు దొరకదు. మొట్టమొదట తగిలేది మా వంటింటి తలుపే. మేం అక్కడ దిగిన రోజు మా అమ్మ బండి తలుపు తెరిచింది. ఆ తలుపు ఇప్పటికీ దొరకలేదు.

మా అమ్మ పేరు రాస్ టీగ్. అప్పటిదాకా ఎండమైదానాల్లో, గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళ షెడ్లలో వంట చేసేది. షెడ్డులో తీర్పు అక్కడికక్కడే. కూర బాగుంటే రేకుల కప్పు అదిరేలా అరుస్తారు. బాగోకపోతే కంచం గాల్లో వస్తుంది. అమ్మకి ఆ పద్ధతి అలవాటు. గొర్రెలు ఎటు పోతే మేం అటు. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నా బట్టలు సొరుగు అనేదాన్ని చూడలేదు.

అమ్మ దగ్గర ఒక ఇనప పెనం ఉంది. ఎప్పటికైనా ఒకచోట కుదురుకుంటే వంటింటి గోడకి మేకు కొట్టి దాన్ని తగిలిస్తానని నేను పుట్టకముందు నుంచీ అంటోంది. అన్నేళ్ళుగా అది బండిలో ముందు సీట్లో ప్రయాణం చేసింది. నేను వెనక సీట్లో.

గానెట్ పాయింట్ అంటే ఊరు కాదు, సముద్రం మీద పరిశోధన చేసేవాళ్ళ స్థావరం. కొందరు సముద్రపు గడ్డిని చూస్తారు. కొందరు సిరా చిమ్మే కటిల్‌ఫిష్‌లని చూస్తారు. మిగిలినవాళ్ళు వీళ్ళు సరిగ్గా చూస్తున్నారా లేదా అని చూస్తారు. అందరికీ పెద్ద ఇనిడ్ పాస్కో. జీవితమంతా సముద్రపు గడ్డితో గడిపిన మనిషి, గడ్డి పెరిగే వేగంతోనే మాట్లాడేది. మాకు ఇల్లు చూపించి, "ఇది మీ ఇల్లు. ఇప్పటివరకూ అందిన సమాచారాన్ని బట్టి" అంది.

అక్కడ దేన్నీ ఊరికే ఒప్పుకోరు. పొద్దున్నే ఎదురైన మనిషికి "శుభోదయం" అంటే, ఆకాశం వైపు చూసి, "ఇంకా ఉదయమే కదా, చూద్దాం" అంటారు.

పాత వంటమనిషి వెళ్ళిపోయాక వాళ్ళంతా నెలల తరబడి డబ్బా బీన్స్ మీదే బతికారట. ఆ మాట విని అమ్మకి జాలేసింది. మొదటి రాత్రి భోజనానికే గొర్రెతొడ నిదానంగా కాల్చి, గుమ్మడికాయ ముక్కలు వేయించి, పుదీనా సాస్ చేసింది. ఆ వాసనకి సముద్రంలో సీల్ జంతువులు ఒడ్డుకొచ్చి వరసలో నిలబడ్డాయి. నేను స్వయంగా వాటిని వెనక్కి పంపాను.

భోజనాల హాల్లో రెండు పొడుగు బల్లలు. కుడి బల్లవాళ్ళు వచ్చి కంచాలు నింపుకున్నారు. ఎడమ బల్లవాళ్ళు మాత్రం కూర్చుని, ఒక్కొక్కరే జేబులోంచి బీన్స్ డబ్బా తీశారు. తర్వాత, ఈతగాళ్ళు పెట్టుకుంటారే, ఆ క్లిప్పులు తీసి ముక్కులకి పెట్టుకున్నారు. కుర్చీలు గోడకేసి తిప్పుకున్నారు. తినడం మొదలుపెట్టారు.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"డెల్, వాళ్ళేంటే, గోడకేసి తిరిగారు?"

"ప్రార్థన చేసుకుంటున్నారేమో అమ్మా."

"ముక్కు మూసుకునా?"

కుడి బల్ల తింటోంది కానీ ఒక్కరూ మాట్లాడటం లేదు. మొహాల్లో ఏమీ లేదు. బ్యాంకులో వరసలో నిలబడ్డట్టు తింటున్నారు. చివర్లో హార్లీ అని గడ్డం మనిషి, కటిల్‌ఫిష్‌లని ఫొటోలు తీసే ఆయన, రెండో ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని "అబ్బ!" అన్నాడు. హాలంతా అతని వైపు తిరిగింది. లెక్కలు చూసే వాస్ కరాలిస్ లేచి, హార్లీ భుజం తట్టి, బయటికి తీసుకెళ్ళాడు. మర్నాటి నుంచి హార్లీ వరండాలో ఒంటరిగా కూర్చుని బీన్స్ తింటూ కనిపించాడు.

వారమంతా ఇదే తంతు. అమ్మ చేపలు కూరి 'ఫిష్ పై' కాల్చింది. క్లిప్పులు. కోడి, పుట్టగొడుగులు వండింది. క్లిప్పులు. పావ్లోవా కేకు మీద పండ్లు పేర్చి పెడితే, ఎడమ బల్లలో ఒకావిడ కళ్ళకి గంతలు కూడా కట్టుకుంది.

"షెడ్డులో ఒకసారి ఉప్పెక్కువైందని బూటు విసిరారు" అంది అమ్మ ఇంటికొచ్చాక, చెప్పులు విప్పుతూ. "ఆ బూటే నయం. కనీసం నా వైపు విసిరారు."

"అలవాటు పడతారులే అమ్మా."

"ఎవరు? వాళ్ళా, నేనా? విర్రబిల్లా షెడ్డువాళ్ళు ఫోన్ చేశారు. నెలాఖరుకి గొర్రెలొస్తున్నాయిట. ఆలోచించి చెప్తానన్నాను."

అమ్మ ఆలోచించి చెప్తానందంటే పెనం ఇక ముందు సీటు దిగనట్టే. నేను నా గదిలోకి వెళ్ళి సొరుగు తెరిచి చూశాను. నా బట్టలు అందులో ఎంతో సుఖంగా ఉన్నాయి. వాటిని లేపడానికి మనసు రాలేదు.

మర్నాడు జెట్టీ మీదికి వెళ్ళాను. పడవ నడిపే నగెట్ అక్కడ కూర్చుని చల్లారిన బీన్స్‌ని చెంచాతో అటూ ఇటూ తోస్తున్నాడు. నగెట్ అసలు పేరు అతనికీ గుర్తులేదు. మనిషి ఫ్రిజ్ సైజులో ఉంటాడు. అతనూ ఎడమ బల్లే.

"నగెట్, మా అమ్మ వంట కంపు కొడుతోందా?"

"కంపా!" చెంచా నీళ్ళలో పడింది. "పిల్లా, ఆ వాసన నాకు కలలోకొస్తోంది. నిన్న దిండు కొరికాను. మా ఆవిడ ఇంకో గదిలో పడుకుంటోంది."

"మరి ముక్కుకా క్లిప్పేంటి?"

అతను అటూ ఇటూ చూశాడు. చుట్టుపక్కల ఒక పెలికాన్ పక్షి తప్ప ఎవరూ లేరు. దాన్ని కూడా "పో" అన్నాడు.

"మాది పోలిక బల్ల" అన్నాడు గొంతు తగ్గించి. "మీ అమ్మ వంట బాగుందని ఊరికే అనేస్తే ఎలా? దేనితో పోలిస్తే బాగుంది? అందుకని వాస్ నాణెం ఎగరేశాడు. బొమ్మ పడ్డవాళ్ళకి మీ అమ్మ వంట. బొరుసు పడ్డవాళ్ళకి పాత బీన్స్. నెలాఖరున ఎవరు బాగున్నారో చూసి, మీటింగులో చెప్తాడు."

"బాగుందో లేదో తెలియడానికి నాలుక చాలదా?"

"నాలుకకి సొంత అభిప్రాయాలుంటాయి పిల్లా. దాన్నెలా నమ్ముతాం?"

"పోనీ తిన్నవాళ్ళైనా ఒక్క మాట అనొచ్చుగా?"

"మెచ్చుకుంటే మీ అమ్మ ఇంకా బాగా వండుతుంది. అప్పుడు మేం కొలిచేది వంటనా, మెప్పునా? హార్లీ గతి చూశావుగా. 'అబ్బ' అన్నందుకు కుడి బల్లలోంచి తీసేశారు." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నేను చెప్పానని ఎక్కడా అనకు. ఇక్కడ ప్రయోగం చెడగొట్టినవాడితో ఎవరూ మాట్లాడరు. ఆ మధ్య ఒకడు లెక్కలో చివరి అంకె కాస్త సర్దాడు. ఇప్పుడు పెర్త్‌లో స్థలాలమ్ముకుంటున్నాడు."

నేను పరుగెత్తుకెళ్ళి అమ్మకి చెప్పేశాను. నగెట్ చెప్పాడని మాత్రం అనలేదు. "ఫ్రిజ్ సైజులో ఉండే ఒక మనిషి చెప్పాడు" అన్నాను.

అమ్మ పిండి పిసుకుతూ ఆగింది. "అంటే నా వంట నచ్చక కాదా?"

"నచ్చిందో లేదో వాళ్ళకింకా తెలీదు. నెలాఖరుకి తెలుస్తుంది."

అమ్మ పిండిని ఒక్క గుద్దు గుద్దింది. "సరే. తేలనీ. వాళ్ళ లెక్క బాగుందంటే ఉందాం. లేదంటే విర్రబిల్లా. గొర్రెలైతే బొమ్మా బొరుసూ అడగవు."

ఆ రోజు నుంచి అమ్మ పంతం పట్టింది. పదిన్నర టీకి పేస్టీలు మొదలెట్టింది. మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ కూరి, కజ్జికాయల్లా అంచులు మడిచి కాల్చినవి. చల్లారడానికి వెనక కిటికీ గట్టు మీద తట్టలో పెట్టి గుడ్డ కప్పేది. కుడి బల్లకి పంచడానికి వెళ్ళి చూస్తే తట్టలో సగం ఉండేవి కావు.

"పాడు సీగల్స్" అంది అమ్మ.

"సీగల్స్ తిన్నాక గుడ్డ మళ్ళీ కప్పి వెళ్తాయా?"

"శాస్త్రవేత్తల ఊరు కదే. ఇక్కడి పక్షులు కూడా పద్ధతిగా ఉంటాయేమో." మర్నాటి నుంచి ఆ పద్ధతైన పక్షుల కోసం ఇంకో తట్ట ఎక్కువ కాల్చింది. అదీ ఖాళీ అయ్యేది.

శనివారం శనివారం పడవల షెడ్డులో వాస్ అందరినీ తూచేవాడు. సీల్స్‌ని తూచే గుడ్డ ఉయ్యాల దూలానికి వేలాడుతుంటుంది. మనిషి అందులో పడుకోవాలి, వాస్ ముల్లు చూడాలి. మొదటి శనివారం బీన్స్‌వాళ్ళు ఉయ్యాలలో ఎండుచేపల్లా ఉన్నారు. రెండో శనివారానికి బుగ్గలొచ్చాయి. మూడో శనివారం నగెట్ ఎక్కగానే దూలం "కుయ్" అంది, ఉయ్యాల చిరిగింది, నగెట్ కింద పడ్డాడు. ఆ అదురుకి పోటు వచ్చే వేళ కాకపోయినా పోటు వచ్చింది.

వాస్ తల గోక్కున్నాడు. "బీన్స్‌లో ఇంత బలం ఉందని మనకెవరికీ తెలీదు" అన్నాడు.

ఆ సాయంత్రం నగెట్ మా పెరటి గుమ్మం దగ్గరికొచ్చాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"పిల్లా, ఘోరం జరిగిపోతోంది. రెండు బల్లలకీ తేడా రావట్లేదట. రేపు మీటింగులో వాస్ అదే చెప్పబోతున్నాడు. తేడా లేనప్పుడు వంటమనిషి ఎందుకు, బీన్సే తెప్పించండని పై ఆఫీసువాళ్ళంటారు."

"బీన్స్ తిని నువ్విలా ఎలా ఊరావు నగెట్?"

నగెట్ టోపీని ఇంకాస్త నలిపాడు. అతని మీసం మీద పేస్టీ పొర ఒకటి ఊగుతోంది.

"ఒక్కటే తిన్నాను" అన్నాడు చివరికి.

"రోజుకా?"

"గంటకి."

"నగెట్!"

"నా ఒక్కడి బరువుతో లెక్కేం మారుతుందిలే అనుకున్నాను పిల్లా. మిగతావాళ్ళంతా నిజాయితీగా బీన్స్ తింటున్నారుగా."

"మీ బల్లలో బుగ్గలు రానివాడెవడో చెప్పు."

నగెట్ వేళ్ళ మీద పేర్లు గుర్తు చేసుకున్నాడు. ఒక్కో పేరుకీ మొహం ఇంకాస్త వాడిపోయింది. వాళ్ళలో ప్రతి ఒక్కడూ తానొక్కడే దొంగననుకున్నాడు.

"మీటింగులో లేచి నిజం చెప్పు" అన్నాను.

"నాకు స్థలాలమ్మడం రాదు" అని చీకట్లో కలిసిపోయాడు. ఆ సైజు మనిషి చీకట్లో కలవడానికి కొంచెం టైము పట్టింది.

నేను లోపలికెళ్ళి అమ్మకి అంతా చెప్పాను. అమ్మ మొహంలో కోపం, సంతోషం ఒకే కుర్చీ కోసం కొట్టుకున్నాయి.

"అంటే నా పేస్టీలు దొంగిలించి తిని, లేచి బీన్సే చాలంటారన్నమాట."

"అనరు, అంకెలు అంటాయి."

"అంకెల నోరెలా మూయాలే?"

"అంకెలకి నోరుండదమ్మా. దొంగలకుంటుంది" అన్నాను.

చలికాలంలో కటిల్‌ఫిష్‌లు గుడ్లు పెట్టడానికి మా ఒడ్డుకొస్తాయి. ఎన్నంటే, వాటి వీపుల మీద నడిచి అవతలి తీరానికి పోయి పాలు తెచ్చుకోవచ్చు. స్థావరంలో వాటి సిరా సీసాల కొద్దీ ఉంటుంది. పొద్దున్నే ఒక సీసా తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. అమ్మ మూత తీసి వాసన చూసింది.

"తింటే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. ఇటలీలో అన్నంలో కలుపుకుంటారట. పళ్ళు మాత్రం సాయంత్రందాకా బొగ్గుల్లా ఉంటాయి."

అమ్మ సిరాని మాంసంలో కలిపి, కాస్త చేతిలో వేసుకుని రుచి చూసి, నొసలు ముడిచింది. "ఇందులో వేసే ఉప్పు తగ్గించాలి. సిరాలోనే ఉంది ఉప్పు. కొంచెం మిరియాలు పడాలి."

"అమ్మా, ఇది దొంగల్ని పట్టుకోడానికి."

"అయితే? దొంగలని చెప్పి చప్పగా పెడతానా?"

కుడి బల్లకి మామూలు పేస్టీలు విడిగా పంచేశాం. నల్లవి కిటికీ గట్టు మీద పెట్టి గుడ్డ కప్పాం. పైకి చూస్తే బంగారు రంగులో అమాయకంగా ఉన్నాయి. మధ్యాహ్నానికి తట్టలు ఖాళీ. గుడ్డలు చక్కగా మడతపెట్టి ఉన్నాయి.

సాయంత్రం మీటింగు. గానెట్ పాయింట్‌లో మీటింగంటే మామూలుగా ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. కుర్చీలు ఎటు వేయాలన్న దాని మీదే రెండు పక్షాలు తయారవుతాయి. ఆ రోజు కుడి బల్లవాళ్ళు మామూలుగా వాదించుకుంటున్నారు. ఎడమ బల్ల మొత్తం పెదాలు బిగించి, పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంది. వాళ్ళంతా స్నానాలగదిలో అద్దం చూసుకుని వచ్చినవాళ్ళే. ఇనిడ్ పాస్కో చలిగా ఉందని మెడగుడ్డ ముక్కుదాకా లాక్కుంది. హార్లీ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ 'అబ్బ' తర్వాత నిజంగా బీన్స్ మాత్రమే తిన్నవాడు ఈ భూమ్మీద అతనొక్కడే. పక్కకి తిరిగితే కనిపించడం మానేశాడు.

అమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తోంది. ఒక చేతిలో బండి తాళాలు.

వాస్ లేచాడు. లెక్కలు తేల్చేవాడు ఏ పక్షానా ఉండకూడదని వాస్ ఏ బల్ల దగ్గరా తినడు. ఇంటి నుంచి చీజు రొట్టె తెచ్చుకుంటాడు, అద్దం అనేది మనిషి దృష్టి మరలుస్తుందని ఇంట్లో పెట్టుకోడు.

"మిత్రులారా" అన్నాడు. "రాస్ వంటకీ, డబ్బా బీన్స్‌కీ మధ్య ఏ తేడా కనిపించలేదు."

అతని నోరు లోపల అమావాస్యలా ఉంది. ప్రతి మాటకీ ఒకసారి తెరుచుకుని హాల్లోని వెలుతురు కొంచెం తగ్గించింది.

ఎవరూ నవ్వలేదు. కుడి బల్లవాళ్ళకి ఏం జరుగుతోందో తెలియక. ఎడమ బల్లవాళ్ళకి నవ్వితే ఏం జరుగుతుందో తెలిసి.

"వాస్" అంది ఇనిడ్ మెడగుడ్డ వెనక నుంచి. "ఇంకోసారి చెప్పు. నోరు పూర్తిగా తెరిచి."

"ఏ తేడా—"

ఇనిడ్ లేచి, గడ్డిని చూడటానికి మెడలో వేసుకునే భూతద్దం తీసి, అతని నోట్లోకి చూసింది. "కటిల్‌ఫిష్ సిరా" అంది. "తాజాది. వెనక పళ్ళలో బంగాళాదుంప ఉంది."

"చీజు రొట్టెలో అప్పుడప్పుడు..." అన్నాడు వాస్.

ఇనిడ్ ఎడమ బల్ల వైపు తిరిగింది. "నగెట్, నవ్వు."

నగెట్ తల అడ్డంగా ఊపాడు.

"నగెట్."

నగెట్ నవ్వాడు. అంత పెద్ద మనిషి నోట్లో అంత చీకటి చూసి ముందు వరసలో ఒకావిడ టార్చి వెలిగించింది. తర్వాత ఒక్కొక్కళ్ళే నోళ్ళు తెరిచారు. బల్ల ఆ చివరి నుంచి ఈ చివరిదాకా బొగ్గు గనులు. వాళ్ళు మొదట తమ నోరు దాచుకున్నారు, తర్వాత పక్కవాడి నోరు చూశారు, ఆ తర్వాత మొహాల్లోకి పెద్ద ఊరట వచ్చింది.

"సిగ్గుపడాల్సిన విషయం" అంది ఇనిడ్.

"ఇనిడ్" అంది అమ్మ కిటికీలోంచి. "ఆ మెడగుడ్డ కూడా ఒకసారి దించండి."

"నేను కుడి బల్ల. నాకు తినే హక్కుంది."

"హక్కున్నవాళ్ళకి తెల్లవి పంచాను. నల్లవి కిటికీ గట్టు మీద పెట్టాను."

సముద్రపు గడ్డి ఒక ఆకు వేసేంతసేపు ఇనిడ్ ఆ గుడ్డ అంచు సర్దుకుంది. తర్వాత మెడగుడ్డ దించింది. వాస్ నోటికన్నా ఎక్కువే నలుపుంది.

అమ్మ హాల్లోకి వచ్చింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇప్పుడు చెప్పండి" అంది. "నా వంట బాగుందా, లేదా? షెడ్డులో అయితే ఈపాటికి బూటైనా వచ్చేది. నేనూ నా కూతురూ సామాను విప్పాలో కట్టాలో తెలీక నెలరోజులు కూర్చున్నాం. ఒక్క మాట చెప్పండి. లేకపోతే పొద్దున్నే విర్రబిల్లా."

హాలంతా బూట్ల వైపు చూసుకుంది. విసరడానికి కాదు.

"రాస్" అంది ఇనిడ్ చాలా బాధగా. "నిజాయితీగా చెప్పాలంటే, చెప్పలేం. పోలిక మొత్తం చెడిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి."

అమ్మ చెయ్యి వెనక్కెళ్ళి ఏప్రన్ ముడి వెతుక్కుంది. నా సొరుగులో బట్టలు నిద్రలేచిన చప్పుడు అక్కడిదాకా వినిపించింది నాకు.

"చేద్దాం" అన్నాడు వాస్, జేబులోంచి నాణెం తీస్తూ. "ఈసారి బీన్స్ బల్లకి ఎవరు సిద్ధం?"

ఎవరూ చెయ్యెత్తలేదు. నగెట్ ముక్కు క్లిప్పు తీసి బల్ల మీద పెట్టి, మెల్లగా వాస్ వైపు తోశాడు. పక్కావిడ తనదీ తోసింది. క్లిప్పులన్నీ వాస్ ముందు పోగుపడ్డాయి. వాస్ నాణెం వంక చూశాడు. బొరుసు తనకే పడొచ్చన్న సంగతి అప్పుడు తట్టినట్టుంది. జేబులో వేసేసుకున్నాడు.

"పోలిక బల్ల లేకుండా ప్రయోగం లేదు" అంది ఇనిడ్, ఆలోచిస్తూ. "ప్రయోగం కుదరకముందే మీరు వెళ్ళిపోతే ఈ విషయం ఎప్పటికీ తేలదు. కాబట్టి రాస్, తేలేదాకా మీరు ఉండి తీరాలి."

"ఎప్పటికి తేలుతుంది?"

"బీన్స్ తినడానికి ఎవరైనా ముందుకొచ్చినప్పుడు."

"ఎవరూ రాకపోతే?"

"ఆ ప్రమాదం ఉంది" అంది ఇనిడ్, మళ్ళీ మెడగుడ్డ పైకి లాక్కుంటూ.

వంటింట్లోంచి "అబ్బ!" అని వినిపించింది. హార్లీ ఎప్పుడు దూరాడో, పొయ్యి పక్కన మిగిలిన తెల్ల పేస్టీ పట్టుకుని నిలబడ్డాడు. హాలంతా అతని వైపు తిరిగింది. ఈసారి ఎవరూ వెళ్ళి భుజం తట్టలేదు.

అమ్మ అతన్ని చూసింది. ఏప్రన్ ముడి మీంచి చెయ్యి తీసేసింది.

"ఎవరి దగ్గరైనా మేకుందా?" అంది.

మేకు నగెట్ ఇచ్చాడు. ఎక్కడ కొట్టాలన్నదానికి గోడ చుట్టూ పెద్ద గుంపు చేరింది. ఉప్పుగాలికి ఏ మేకు ఎన్నాళ్ళుంటుందని ఒకరు, ముందు పక్క గోడ మీద ఇంకో మేకు కొట్టి పోల్చి చూడాలని వాస్, పెనాన్ని సీల్స్ ఉయ్యాలలో తూచాలని ఇంకొకరు. ఒక ఉపసంఘం కూడా ఏర్పడింది. అమ్మ బండి దగ్గరికెళ్ళి, ముందు సీట్లోంచి పెనం తెచ్చి, దాంతోనే మేకుని రెండు దెబ్బలు కొట్టి, దానికే తగిలించింది.

అప్పటి నుంచి ఇప్పటిదాకా అమ్మ అక్కడే వండుతోంది, బండిలో ముందు సీటు నాదే. ఆమె వంట బాగుంటుందో లేదో గానెట్ పాయింట్‌లో ఇంకా తేలలేదు. మేకు ఉపసంఘం మాత్రం ఇప్పటికీ భోజనాల వేళకే సమావేశమవుతోంది.